పళ్లెము వెనుకనున్న ముద్ర

తెలుగువారి భోజనమునకు విస్తరాకు ప్రధానము. అరటియాకో, మోదుగాకో, బాదమాకో దొరికినదానిలో వడ్డించుకొని, భుజించిన పిదప దానిని పారవేయుట మన ఆచారము. కలవారి యిండ్ల వెండికంచములును, సామాన్య గృహముల కంచు, ఇత్తడి కంచములును ఉండెడివి. ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు ఇచ్చు పాత్రలమీద పేరు వేయించుట పరిపాటి. చిన్న ఉలితో చుక్కచుక్కగా కొట్టిన ఆ యక్షరములలో ఇచ్చినవారి పేరుండును, పుచ్చుకొన్నవారి పేరుండును, ఒక్కొక్కచో సంవత్సరమును ఉండును. ఆ చెంబును పోతపోసిన కంచరి పేరు మాత్రము ఎక్కడను కానరాదు.

పింగాణి పళ్లెము దీనికి విపర్యయము. తన్ను కొన్నవారెవరో, కానుక యిచ్చినవారెవరో అది చెప్పదు. చేసినవాని గుర్తును మాత్రము వెనుకవైపున దాచుకొనియుండును. రెండు తరములు గడచునప్పటికి కొన్నవారి పేరు మరుగుపడును. గుర్తును చదువగలవారు ఇంట నుండరు. అప్పుడు ఆ పళ్లెమునకు కథలు పుట్టును.

పారసీక భాషలో పింగానన్నది గిన్నెకు పేరు. మన యిండ్లకు పింగాణి మొదట ఊరగాయ జాడీ రూపమున వచ్చి వంటయింటిలో స్థిరపడినది. పులుపునకు చెడదు, ఉప్పునకు తినబడదు గనుక దానిని ఎవరును ఆక్షేపింపలేదు. తినుటకు మాత్రము ఆచారపరులు దానిని ముట్టెడివారు కారు. ఇందులో కేవలము ఛాందసమే కలదని అనరాదు. ఇంగ్లండున పదునెనిమిదవ శతాబ్ది చివర ప్రచారమునకు వచ్చిన ‘బోన్ చైనా’ అను పింగాణిలో ఇంచుమించు సగపాలు పశువుల ఎముకల బూడిదయే. ఆ సంగతి విన్న మన పెద్దలు ముక్కు మూసికొనిరనిన ఆశ్చర్యమేమి?

అయినను పింగాణి మన తీరమునకు నిన్న మొన్న వచ్చినది కాదు. గూడూరునకు తూర్పున సముద్రపుటొడ్డుననున్న కొత్తపట్నమున చైనాదేశపు పింగాణి పెంకులు బయటపడినవి. జపాను చరిత్రకారుడు నొబొరు కరాషిమా దక్షిణదేశపు రేవులలో దొరకిన ఇట్టి పెంకులను పరిశీలించి, వానినిబట్టి ప్రాచీన సముద్రవ్యాపారమును వివరించెను. మోటుపల్లి రేవునకు వచ్చు నావికవర్తకులకు కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244–45 ప్రాంతమున అభయశాసనము వేయించెను. ఆ రేవునందును చైనా పెంకులు లభించినవి. తరువాతి కాలమున ఓలందావారు పులికాటులో 1613లో కోట కట్టిరి. ఆంగ్లేయులు ఆర్ముగాములో 1626లో వర్తకస్థానము నేర్పరచుకొని, అటుపిమ్మట 1639లో మదరాసు స్థలమును సంపాదించిరి. ఈ రేవులన్నిటికిని దాపుననున్న సీమలో ఒక పాతపెట్టె తెరచినప్పుడు పింగాణి కనబడుట వింత కాదు.

ఆ సీమయందే నేడు శ్రీసిటీ కలదు. సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో 2008లో ప్రారంభమైన ఆ పారిశ్రామిక నగరమున జపాను దేశపు సంస్థలును అనేకము పనిచేయుచున్నవి. రోడ్లు వెడల్పగుచున్నవి, మట్టిమిద్దెలు పోయి మేడలు లేచుచున్నవి. ఇల్లు పడగొట్టునపుడు అటకమీది పెట్టె క్రిందికి దిగును. అట్టి యింటి నొకదానిని భావింతము.

ఆ యింట ఎనుబది యేండ్లు దాటిన అవ్వ యొకతె. ఆమెకు ముగ్గురు కుమారులు. నడిమివాని కూతురు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. అటకమీది దేవదారు పెట్టెలో, గడ్డి మధ్య, పన్నెండు పెద్ద పళ్లెములు, ఆరు లోతుపళ్లెములు, మూతలుగల గిన్నెలు రెండు, ఒక కోలపళ్లెము బయటపడినవి. తెల్లని మేను, అంచున సన్నని బంగారు గీత, గీతకు లోపల చిన్న గులాబిపూల తీగ. పెద్దకుమారుడు ఒక పళ్లెము నెత్తి వెనుకవైపు చూపెను. అచట ఒక వలయము, అందులో సాలెపురుగు కాళ్లవలె అడ్డదిడ్డపు గీతలు కలవు. “ఇది దొరగారి ముద్ర. మా ముత్తాత కాలంలో కలెక్టరు దొర ఈ ఊళ్లో మకాం వేసినప్పుడు బహుమతి ఇచ్చిపోయినాడు” అని అతడు చెప్పెను. ఊరంతయు ఎరిగిన కథయే అది. మదరాసు నుండి వచ్చిన పాతసామానుల వర్తకుడును తల యూపి, దొర కాలపు ఇంగ్లండు సరకైనచో మంచి వెల యిత్తుననియు, కానిచో అందులో నాలుగవ వంతు మాత్రమే యిత్తుననియు పలికెను. ముగ్గురన్నదమ్ములకును అప్పుడే భాగములు కావలసియున్నవి. వర్తకుడు వారము దినములు గడువిచ్చి వెళ్లెను.

పాఠశాలలో ఈ సంగతి చెప్పగా ఉపాధ్యాయుడు ఆ బాలికతో, “కథను తరువాత చూతము. ముందు పళ్లెమును చూడుము” అనెను.

చూచుటకును ఒక పద్ధతి కలదు. మొదటిది, తోమరాదు. చింతపండు, ఇసుక, పీచు కంచు పాత్రలకు హితములు, పింగాణికి శత్రువులు. బంగారుపూత, మెరుగుపైన అచ్చొత్తిన ముద్ర, రెండును ఆ రాపిడికి చెరిగిపోవును. గోరువెచ్చని నీటిలో మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. రెండవది, వెలుగునకెదురుగా పట్టి చూడవలెను. సన్నని పింగాణియైనచో వెనుకనున్న వ్రేళ్ల నీడ కనబడును. మట్టిసరకైనచో వెలుగు చొరదు. వ్రేలితో మెల్లగా మీటినప్పుడు పింగాణి గంటవలె మ్రోగును. బీటవారినది బొంగురుగా పలుకును. తెల్లనివన్నియు ‘చైనా’ యని పిలుచుట మన అలవాటేగాని, ఆ పేరు క్రింద నాలుగైదు జాతుల సరకు కలదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఒక్క పళ్లెమును చూచి ఊరకుండరాదు. ప్రతి దానిని తిరుగవేసి చూడవలెను. ఆ బాలిక అట్లే చేసినది. పన్నెండు పెద్ద పళ్లెములలో కొన్నింటిమీద ముద్ర పూర్తిగా అరిగిపోయినది. కొన్నింటిమీద వలయము మాత్రము మిగిలినది. వాడుకకు రాక గడ్డిలోనే పడియున్న మూతగిన్నెల అడుగున ముద్ర చెక్కుచెదరలేదు. వలయము క్రింద ఆంగ్లమున రెండు పంక్తులు స్పష్టముగా నున్నవి. మొదటిది ‘నోరిటాకే’, రెండవది ‘మేడ్ ఇన్ జపాన్’.

ఇచట కథ నాపి ముద్రల సంగతి కొంత తెలిసికొందము. తడిమట్టిమీద అచ్చుతో నొక్కిన ముద్ర యొక విధము. కుంచెతో వ్రాసినది మరియొకటి. కాగితము నుండి దించినట్లు అచ్చొత్తినది వేరొకటి. ఇంగ్లండున స్టాఫర్డ్‌షైరు కుమ్మరులు పందొమ్మిదవ శతాబ్దిలో లోకమంతటికి పళ్లెములు పంపిరి. 1842 నుండి 1883 వరకు అచట నమోదైన నమూనాలకు కైవారపు పలక ఆకారముగల గుర్తు నిచ్చెడివారు. దాని శిరస్సున రోమను అంకెలలో నాలుగు ఉండినచో అది మట్టి, పింగాణి సరకని అర్థము. నాలుగు మూలల అక్షరములనుబట్టి సంవత్సరము, నెల, తేది తెలియును. 1868లో ఆ అక్షరముల స్థానములు మారినవి గనుక తొందరపడి చదివినవారు పొరబడుదురు. 1884 నుండి ఆ గుర్తు పోయి వరుససంఖ్య వచ్చినది. ఇవి యన్నియు నమూనా నమోదైన దినమును తెలుపునుగాని, పళ్లెము కాలిన దినమును తెలుపవు. ఒకే నమూనాను ముప్పదియేండ్లు అమ్మినవారు కలరు.

దేశము పేరు మరియొక సాక్ష్యము. అమెరికావారు 1890లో ఒక సుంకపు చట్టము చేసి, తమ దేశమునకు వచ్చు సరకుమీద పుట్టిన దేశము పేరు ఆంగ్లమున ఉండవలెనని విధించిరి. 1891 నుండి అది అమలునకు వచ్చినది. అందువలన పళ్లెములమీద ‘ఇంగ్లండ్’ అను మాట విరివిగా కనబడసాగెను. జపానువారు తమ దేశమును ‘నిప్పన్’ అని వ్రాసెడివారు. అది ఆంగ్లపదము కాదని అమెరికా సుంకాధికారులు 1921లో నిర్ణయింపగా, నాటినుండి ‘జపాన్’ అని వ్రాయసాగిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము జపాను పరుల పాలనలోనున్న దినములలో, 1952 వరకు, ‘ఆక్రమిత జపాను’ అను ముద్రతో సరకు ఎగుమతి యయ్యెను. ఒక దేశము ఓడిన సంగతి అన్నము తిను పళ్లెము వెనుక వ్రాయబడుట లోకములో అరుదు.

ఇక నోరిటాకే. మోరిమురా వంశపు సోదరులు 1876లో టోక్యోలోను, న్యూయార్కులోను వర్తకము పెట్టిరి. ఆ కుటుంబము వారును వారి సహచరులును కలిసి 1904లో నగోయా చెంతనున్న నోరిటాకే యను గ్రామమున పింగాణి కర్మాగారమును స్థాపించిరి. వారికి గిన్నెలు, కప్పులు సులువుగనే వచ్చినవి. ఇరువదియైదు సెంటిమీటర్ల బల్లపరుపు పళ్లెము మాత్రము రాలేదు. కొలిమిలో వేడికి మట్టి మెత్తబడినప్పుడు అంచులను ఆధారము నిలుపును. నడుమ భాగము క్రుంగిపోవును. ఒక పళ్లెమైనచో మెల్లగా సరిచేయవచ్చును. పన్నెండును ఒకే తీరున రావలెను గదా! మట్టిపాళ్లు మార్చి, అచ్చులు మార్చి, పదియేండ్లు ప్రయత్నించి, 1914లో వారు తమ మొదటి భోజనపాత్రల సరమును వెలువరించిరి. దానికి ‘సెడాన్’ అని పేరు.

దొరగారి ముద్రయని ఆ యింటివారు భావించిన వలయము ఈ కర్మాగారపు గుర్తే. చైనా లిపినుండి జపానువారు గ్రహించిన అక్షరములలో ‘కష్టము’ అని యర్థమిచ్చునది యొకటి కలదు. ఆచారవ్యవహారములు వేరైన విదేశీయులతో వర్తకము కష్టసాధ్యమని యెరిగి, ఆ కష్టమును ఛేదింపవలెనని కోరుచు, మోరిమురావారు ఆ యక్షరపు చదరపు గడిని వలయముగా మార్చి, నడుమ గీతను ఈటెవలె దిద్ది తమ గుర్తుగా చేసికొనిరి. సత్యవేడు సీమలో అది కలెక్టరు రాజముద్రగా పూజింపబడునని వారు కలనైన తలచియుండరు.

ఆ సంస్థవారిదే ఇంకొక సంగతి చెప్పదగియున్నది. యుద్ధానంతరము నేర్పరులైన పనివారును మంచి మట్టియు కరవై, సరకు మునుపటివలె రాలేదు. అప్పుడు వారు 1946 నుండి కొన్నాళ్లు నోరిటాకే యను పేరు వేయక, ‘రోజ్ చైనా’ యను వేరొక పేరుతో పళ్లెములను అమ్మిరి. నాణ్యము తిరిగి వచ్చిన తరువాతనే తమ పేరు వేసికొనిరి.

బాలిక లెక్క కట్టినది. కర్మాగారము 1904లో పుట్టినది. పెద్ద పళ్లెముల సరము 1914లో వచ్చినది. కావున ఈ పెట్టెలోని సామగ్రి 1914కు ముందుది కానేరదు. ‘జపాన్’ అను మాటనుబట్టి 1921 తరువాతిదని తోచును. ఆ నిర్ణయము అమెరికాకు పోవు సరకునకు సంబంధించినది గనుక దానిని గట్టి సాక్ష్యముగా గైకొనరాదని ఉపాధ్యాయుడు హెచ్చరించెను. 1914 అను గీత మాత్రము కదలదు. ముత్తాతకు దొర యిచ్చినాడన్న కథ ఆ గీతకు ఆవలనే నిలిచిపోయినది.

అయినచో ఎవరు తెచ్చిరి? దీనికి పళ్లెము సమాధానము చెప్పదు, ఇల్లే చెప్పవలెను. పెట్టె అడుగున పాత పద్దుపుస్తకమొకటి యుండెను. దానిని పెదనాయన మునుపే చూచియుండెను. అందులో ఒకచోట “యువ సం. మాఘమాసం, మదరాసు నుంచి పింగాణి తట్టలు, పెట్టెతో సహా” అని వ్రాసియున్నది. యువ సంవత్సరమనగా 1875–76 అనియు, అది ముత్తాత కాలమనియు, దొర మదరాసు నుండి తెప్పించి యిచ్చినాడనియు ఆయన సిద్ధాంతము. మన సంవత్సరముల పేర్లు అరువదియేండ్ల కొకసారి తిరిగి వచ్చునని మరువరాదు. యువ 1875లో వచ్చినది, 1935లో వచ్చినది, 1995లోను వచ్చినది. పేరొక్కటే ఉన్నప్పుడు ఏ యువయో తేల్చుట కష్టము. ఇప్పుడు జపాను ముద్ర ఆ చిక్కును విడదీసినది. 1875 కుదరదు, 1995 నాటికి ఆ పద్దు వ్రాసినవారెవరును లేరు. మిగిలినది 1935–36. ఆ మాఘము 1936 ఆరంభమున వచ్చినది. జపాను పింగాణి తక్కువ వెలకు మన దేశపు అంగళ్లలో విస్తారముగా దిగిన కాలమది.

పెదనాయన మరియొక ఆక్షేపణ తెచ్చెను. పుస్తకములో మడిచియున్న శిస్తు రసీదులమీద ‘చెంగల్పట్టు జిల్లా’ అని యున్నది. తమది చిత్తూరు జిల్లా. కావున ఆ పుస్తకము తమ యింటిది కాదేమో యని. ఇది మంచి ప్రశ్నయే. ఆంధ్ర, మదరాసు రాష్ట్రముల సరిహద్దులను సవరించినప్పుడు, 1960 ఏప్రిల్ 1 నాడు, తిరుత్తణి ప్రాంతము మదరాసునకు పోయినది. సత్యవేడు ప్రాంతము చెంగల్పట్టు జిల్లా నుండి చిత్తూరు జిల్లాకు వచ్చినది. 2022లో అదే ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది. ఊరు కదలకుండగనే జిల్లా రెండుసార్లు మారినది. పాత కాగితములు వెదకువారు నేటి జిల్లా పేరు పట్టుకొని వెదకినచో సగము దొరకవు.

అన్నిటికంటె పెద్ద సంగతి పద్దు ప్రక్కనున్న చిన్న మాటలో ఉన్నది. సొమ్ము ‘పాల పద్దు’ నుండి పోయినట్లు వ్రాసియున్నది. ధాన్యపు పద్దు, శనగల పద్దు మగవారివి. పాలపద్దు ఎవరిది? బాలిక ఆ పుటను అవ్వకు చదివి వినిపించినది.

అవ్వ కొంతసేపు పలుకలేదు. పిదప, “మా అత్తది. రెండు ఎనుములుండేవి ఆమెకు. పాలమ్మిన దుడ్డు ఆమె చేతిలోనే ఉండేది. ‘ఇవి నా ఎనుములు తెచ్చిన తట్టలు’ అని ఆమె పోయేదాకా అంటూనే ఉన్నింది. ముసలామె ఏదో అంటుందిలే అనుకున్నాము” అనెను.

పళ్లెమునకు కట్టుకథ తగిలించుట మన యూరి విద్య మాత్రమే కాదు. ‘విల్లో’ యను నీలిరంగు నమూనా ఇంగ్లండున పదునెనిమిదవ శతాబ్ది చివర పుట్టినది. వంతెన, చెట్టు, రెండు పక్షులు గల ఆ బొమ్మకు చైనాదేశపు ప్రేమకథ యొకటి అతికించి అచటి వర్తకులు ప్రచారము చేసిరి. చైనాలో ఆ కథ లేదు. సొగసైన పాత్రను చూడగానే దానికొక గొప్పవానిని తోడు తేవలెనని మనస్సునకు తోచును. పాలమ్మిన కోడలికంటె గుఱ్ఱమెక్కిన దొర కథకు బాగుగా నప్పును.

గడువు నాటికి వర్తకుడు వచ్చెను. అతడు రాకముందే పెదనాయన తమ్ములను పిలిచి, “ముద్ర తెలిసేది ఆ రెండు మూతగిన్నెల మీదనే కదా. వాటిని మనమే పెట్టుకొని మిగిలినవి అమ్మితే ఎవరికి నష్టం?” అనెను. తమ్ములు మాటలాడలేదు. ఇద్దరికిని అప్పులు కలవు. బాలిక తాను వ్రాసికొన్న కాగితమును మడిచి చేతిలో పట్టుకొని గుమ్మమున నిలిచెను. అవ్వ అది చూచి, “మా అత్త పాలమ్మి కొన్నదాన్ని దొర ఇచ్చినాడని చెప్పి అమ్మేది వద్దు. జపాను సరుకని చెప్పి వాడేమిస్తే అది తీసుకోండి. లేకపోతే పంచుకోండి” అని తేల్చెను. వర్తకుడు గిన్నె అడుగు చూచి, చెప్పిన మాట ప్రకారము వెల నాలుగవ వంతునకు దించెను. బేరము పొసగలేదు.

చేసినవారెవరో తెలిసినను నమూనా యేదో తెలియుట వేరు పని. చాల ముద్రల క్రింద నమూనా సంఖ్యయో పేరో ఉండును; ఈ గిన్నెలమీద లేదు. అట్టి సందర్భమున అంచు కొలత, లోతు, చెవి ఆకారము, మూతమీది బుడిపె, పూల సంఖ్య, గీతల రంగు వరుసగా వ్రాసికొని, పళ్లెమునకు నిటారుగా పైనుండి ఒక ఛాయాచిత్రము, వెనుకవైపు ఒకటి తీసి, పాత వర్తకపట్టికలలోని బొమ్మలతో పోల్చవలెను. పూలతీగ ఒక్కటే చూచి నిశ్చయింపరాదు. ఒకే పూల అచ్చుకాగితమును పలు కర్మాగారములు కొని వాడుకొనుట కలదు. అందువలన పాత్ర ఆకారమును పూలతీగను జతగా పోల్చవలెను. హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఐరోపా, చైనా, జపాను దేశముల పింగాణి విస్తారముగా కలదు. ఆ యూరు పోయినవారు దానిని చూచినచో కన్ను పదునెక్కును.

అట్టి పళ్లెములలో భుజింపవచ్చునా యని కొందరడుగుదురు. పాతకాలపు మెరుగులోను, రంగులలోను సీసము వంటి విషలోహములు ఉండుట కలదు. పులుసు, చారు, ఊరగాయ, మజ్జిగ వంటి పుల్లని పదార్థములు వానిని కొద్దికొద్దిగా కరగించును. బీటలు కనబడునవి, రంగు పొడియగునవి మరింత ప్రమాదకరములు. వానిని చూచుకొనుటకు ఉంచుకొని, తినుటకు విస్తరాకునే నమ్ముట మేలు.

పంపకము జరిగినది. పెద్ద పళ్లెములు నాలుగేసి, లోతుపళ్లెములు రెండేసి ముగ్గురకును వచ్చినవి. మూతగిన్నెలు రెండును, కోలపళ్లెమును అవ్వ తనయొద్దనే యుంచుకొనెను. బాలిక మూడు కాగితములు వ్రాసి, ఒక్కొక్క భాగములో నొకటి పెట్టినది. వానిమీద కర్మాగారము పేరు, ఊరు, కాలము, కొలతలు, మొత్తము సరము వివరము, ఏ పద్దుపుస్తకములో ఏ పుటను చూడవలెనో వరుసగా కలవు. మొదటి పంక్తిలో మాత్రము, కంచు చెంబులమీద వేయించు తీరున, అవ్వ అత్తగారి పేరు వ్రాసి, దాని క్రింద “పాల పద్దు, యువ సం. మాఘము, 1936” అని చేర్చినది.